రాయి కరీంనగర్‌ది, దూది ఆదిలాబాద్‌ది: పాట వినిపించే చోట్ల విశేషాలు

పాట బాగుంటే గాయకుణ్ని మెచ్చుకుంటాం. వినపడకపోతే మైకు పెట్టినవాణ్ని తిట్టుకుంటాం. గోడలు, కప్పు, నేల, కుర్చీలు చేసే పని మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. పెద్ద హాల్లో వెనక వరుసల్లో కూర్చున్నవారి చెవిన పడే ధ్వనిలో చాలా భాగం గాయకుడి నోటి నుంచి నేరుగా వచ్చింది కాదు, గోడలనూ కప్పునూ తాకి తిరిగొచ్చిందే. ఆ రాకపోకల కథల్లో కొన్ని ఉత్తర తెలంగాణవి, కొన్ని దేశానివి, కొన్ని ప్రపంచానివి.

◆ రెండు జిల్లాలు, రెండు కొసలు

కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోని టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ గ్రానైట్లు దేశం దాటి అమ్ముడుపోతాయి. ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికి పేరు. ధ్వని సంగతికొస్తే ఈ రెండూ చెరో కొసన ఉంటాయి. నునుపు పట్టిన గ్రానైట్ మీద పడ్డ ధ్వనిలో నూటికి 98 వంతులు వెనక్కి వచ్చేస్తుంది. రెండంగుళాల మందాన వదులుగా పరిచిన దూది మీద పడితే, మాట తెలియడానికి అవసరమైన స్థాయిల్లో నూటికి 80 వంతులకు పైగా అక్కడే ఇంకిపోతుంది. పోగుల సందుల్లో గాలి అటూ ఇటూ కదిలి, ఆ రాపిడికి ధ్వని కాస్తా వేడిగా మారుతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలిసేంత వేడి కాదు. సంగీత మందిరం కట్టడమంటే ఈ రాయికీ ఈ దూదికీ మధ్య పాళ్లు కుదర్చడమే. అంతా రాయైతే గోల మిగులుతుంది. అంతా దూదైతే పాట పొడిపొడిగా రాలిపోతుంది.

◆ అర్ధరాత్రి మెత్తలు మోసిన ప్రొఫెసర్

ఆ పాళ్లకు లెక్క కట్టిన మనిషి వాలెస్ క్లెమెంట్ సేబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం కట్టారు. అందులో ఒక్క మాట అంటే అది 5 సెకన్లకు పైగా గదిలోనే తిరిగేది. దాన్ని బాగుచేయమని 27 ఏళ్ల సేబిన్‌కు అప్పగించారు. ఊళ్లో ట్రాములు ఆగి అలికిడి సద్దుమణిగాక, పక్కనున్న నాటకశాలలోని కుర్చీల మెత్తలన్నీ మోయించుకొచ్చి గదిలో పరిచేవాడు. ఒక ఆర్గన్ గొట్టం మోగించి, అది వినపడకుండా పోయేదాకా పట్టిన కాలాన్ని కొలిచేవాడు. తెల్లారేలోపు మెత్తలు మళ్లీ నాటకశాలకు చేరాలి. తన ఒంటిమీది బట్టలు కూడా ధ్వనిని పీల్చి లెక్క మారుస్తున్నాయని కనిపెట్టి, ఆ తర్వాత ప్రతి రాత్రీ ఒకే జత వేసుకున్నాడు. 1898 నాటికి సూత్రం దొరికింది. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గది మొత్తం పీల్చుకునే శక్తితో భాగిస్తే ధ్వని నిలిచే కాలం వస్తుంది. ఆ సూత్రం ఆధారంగా కట్టిన మొదటి సంగీత మందిరం బోస్టన్ సింఫనీ హాల్. 1900లో తెరిచారు. ప్రపంచంలోని మేలైన హాళ్లలో ఒకటిగా ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు.

◆ తెరిచిన కిటికీయే కొలబద్ద

పీల్చుకునే శక్తిని దేనితో కొలవాలి? సేబిన్ తెరిచిన కిటికీని కొలతగా తీసుకున్నాడు. కిటికీ దాటి బయటికి పోయిన ధ్వని మళ్లీ రాదు, కాబట్టి అక్కడ నూటికి నూరూ పోయినట్టే. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక యూనిట్. ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే సుమారు అర యూనిట్. అంటే ఇద్దరు చుట్టాలు కూర్చున్నారంటే ఒక చిన్న కిటికీ తెరిచినట్టే. నిండిన సంగీత మందిరంలో మామూలుగా అన్నిటికన్నా ఎక్కువ ధ్వనిని పీల్చుకునేది జనమే.

◆ ఫంక్షన్ హాల్లో గోల ఎందుకు?

మన పట్టణాల్లో కచేరీలైనా కవి సమ్మేళనాలైనా చాలావరకు ఫంక్షన్ హాళ్లలోనే జరుగుతున్నాయి. ఒక మాదిరి హాలు తీసుకుందాం. 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు. కింద గ్రానైట్, గోడలకు నున్నటి పూత, పైన స్లాబు. సేబిన్ సూత్రం ప్రకారం ఖాళీ హాల్లో ధ్వని 10 సెకన్ల దాకా నిలుస్తుంది. వందమంది వచ్చి కూర్చుంటే ఐదున్నర సెకన్లు. ఐదువందల మందితో నిండితే దాదాపు 2 సెకన్లు. మాట స్పష్టంగా తెలియాలంటే ఒక సెకను దగ్గర ఉండాలి. మనం సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. కాబట్టి సగం కూడా నిండని హాల్లో వక్త కొత్త అక్షరం పలికేసరికి, అంతకుముందు పలికినవి పాతిక ముప్పై అక్షరాలు ఇంకా గాల్లోనే ఉంటాయి. వెనక వరుసవాళ్లకు వినపడదు. వాళ్లు ముచ్చట్లు పెడతారు. ఆ ముచ్చట్లు కూడా ఐదు సెకన్లు నిలుస్తాయి. మైకు సౌండు పెంచుతారు. దాంతో గోల పెరుగుతుందే గాని మాట తేటపడదు.

ఇదే హాల్లో స్లాబు కింద ధ్వనిని పీల్చే పలకలతో ఫాల్స్ సీలింగ్ వేస్తే? పడ్డ ధ్వనిలో నూటికి 60 వంతులు పీల్చే రకమనుకుందాం. వందమందితోనే ఐదున్నర సెకన్లు కాస్తా ఒకటింపావు సెకనుకు దిగుతుంది. నేల మీది గ్రానైట్‌ను తాకనక్కర్లేదు. మామూలు జిప్సం బోర్డు వేసి రంగు కొడితే మాత్రం ఈ ఫలితం రాదు. అది చూడ్డానికే సీలింగు, ధ్వనికి అదీ గోడే.

◆ ఖాళీ కుర్చీల తిప్పలు

పొద్దున రిహార్సల్‌లో హాలు గణగణలాడుతుంది. సాయంత్రం జనం నిండాక అదే హాలు మూగబోతుంది. ఈ తేడా తగ్గించడానికే మంచి హాళ్లలో కుర్చీలకు మందపాటి మెత్తలు వేస్తారు. మనిషి కూర్చుంటే మనిషి పీల్చుకుంటాడు, లేకపోతే ఆ పని మెత్త చేస్తుంది. ప్లాస్టిక్ కుర్చీకి ఆ గుణం లేదు. ఇక టికెట్టు కొనేవాళ్లకు ఒక చిట్కా: బాల్కనీ కింద బాగా లోపలికి ఉన్న వరుసలు వద్దు. పైకప్పు నుంచి దిగే ధ్వనిని బాల్కనీ అడ్డుకుంటుంది. నాలుగు వరుసలు ముందుకు జరిగితే పాట తేటపడుతుంది.

◆ భరతుడి కొలతలు

నాటకశాల ఎంతుండాలో భరతుడు నాట్యశాస్త్రంలో ఎప్పుడో చెప్పాడు. దీర్ఘచతురస్రం, చతురస్రం, త్రికోణం అని మూడు ఆకారాలు. పెద్దది, నడిమిది, చిన్నది అని మూడు పరిమాణాలు. వీటిలో మనుషులకు తగినది 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉన్న నడిమి శాల. అంటే దాదాపు 96 అడుగులకు 48. అంతకన్నా పెద్దదైతే పాత్రధారి మాట తేలిపోతుందనీ, ముఖంలో భావం కనపడదనీ కారణం కూడా చెప్పాడు. శాల కొండగుహలా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి, గాలి జోరు ఉండకూడదు, అప్పుడే వాద్యాల నాదం గంభీరంగా ఉంటుందన్నది ఆయన మాట. వియన్నాలో 1870లో తెరిచిన మ్యూజిక్‌ఫెరైన్ బంగారు మందిరం పాశ్చాత్య సంగీతానికి తలమానికమంటారు. దాని పొడవు దాదాపు 49 మీటర్లు, వెడల్పు 19. అదీ పొడుగాటి పెట్టె ఆకారమే. వెడల్పు తక్కువ కావడంతో పక్కగోడల నుంచి ధ్వని వెంటనే తిరిగొచ్చి, శ్రోతను రెండు వైపుల నుంచీ చుట్టుకుంటుంది.

◆ ఠాగూర్ పేరున వెలసిన మందిరాలు

1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆ సందర్భంగా దేశంలో పలు నగరాల్లో ఆయన పేరుతో రంగశాలలు వెలిశాయి. చండీగఢ్‌లో ఠాగూర్ థియేటర్, హైదరాబాద్‌లో రవీంద్రభారతి ఆ వరుసలోనివే. రవీంద్రభారతి రూపశిల్పి మహ్మద్ ఫయాజుద్దీన్. కూచిపూడి నుంచి ఒగ్గుకథ దాకా తెలుగువారి కళలన్నీ ఎక్కిన వేదిక అది. వరంగల్‌కు ఇలాంటి పెద్ద మందిరం రావడానికి మరో శతజయంతి కావలసి వచ్చింది. 2014 సెప్టెంబరు 9న, కాళోజీ నూరేళ్ల పుట్టినరోజున, హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి పునాది పడింది. తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరులో. కరీంనగర్‌కు కళాభారతి ఉంది.

◆ మైకు లేని రోజుల ఇంజినీరింగ్

వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు పేరు వినని ఒగ్గుకథ అభిమాని ఉండడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ రాత్రంతా సాగేవి. గోడలు లేవు, కప్పు లేదు, వందలమంది జనం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా కథ అందరికీ అందేది. ఎలాగో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కథకుడు ఒక మాట అంటాడు. పక్కనున్న వంతగాడు ఆ మాట కొసను అందుకుని మళ్లీ అంటాడు, లేదా ప్రశ్న వేసి కథకుడి చేతే మళ్లీ చెప్పిస్తాడు. మొదటిసారి చెవి దాటిపోయిన ముక్క రెండోసారి పట్టుబడుతుంది. కథకుడు వచనం చెప్పేటప్పుడు డోలు తగ్గుతుంది. డోలు విజృంభించినప్పుడు కథకుడు అడుగులు వేస్తాడే తప్ప మాట విడవడు. మాటా వాద్యమూ ఒకదాని మీద ఒకటి పడకుండా వంతులు వేసుకుంటాయి. ఇవాళ సౌండ్ ఇంజినీరు మిషన్ ముందు కూర్చుని మీటలు తిప్పి చేసే పనిని ఒగ్గు బృందం ఒళ్లెరిగి చేస్తుంది.

◆ బెర్లిన్ చేరిన ఊరి గుంపు

కథ చెప్పేవాడి చుట్టూ జనం మూగడం మన ఊళ్లలో మామూలే. ఐరోపా సంగీత మందిరాల్లో మాత్రం వేదిక ఒక కొసన, జనం మరో కొసన. 1963లో బెర్లిన్ ఫిల్హార్మోనీ మందిరం ఆ పద్ధతిని మార్చింది. రూపశిల్పి హాన్స్ షరూన్ వాద్యబృందాన్ని దాదాపు నడిమధ్యన పెట్టి, చుట్టూ మెట్టుమెట్టుగా సీట్లు పేర్చాడు. రెండువేల పైచిలుకు సీట్లున్నా, వేదికకు మరీ దూరమైన సీటు సుమారు 30 మీటర్లలోపే. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య ఉన్న పొట్టి గోడలు దగ్గరివారికి ధ్వనిని తిప్పి పంపుతాయి. ధ్వని నిపుణుడు లోథార్ క్రేమర్ మొదట సందేహించినా, తర్వాత లెక్క కుదిర్చాడు. ఆ తర్వాత కట్టిన హాళ్లలో చాలా వాటికి అదే నమూనా.

◆ ధర్మపురి మెట్ల మీద

ధర్మపురి బ్రహ్మపుష్కరిణిలో తెప్పోత్సవం, డోలోత్సవం జరిగేటప్పుడు నడుమ మంటపం, చుట్టూ నీళ్లు, రాతిమెట్ల నిండా జనం. రంగశాలకు కావలసిన ముఖ్యమైన ఏర్పాట్లు రెండు అక్కడ వాటంతట అవే ఉన్నాయి. నీటి ఉపరితలం ధ్వనిని దాదాపు మొత్తంగా వెనక్కి పంపుతుంది. మెట్లు ఉండటంతో ముందువారి తల వెనకవారి చెవికి అడ్డురాదు. సమతలం మీద కూర్చుంటే ధ్వని తలల మీదుగా రాసుకుంటూ పోయి, వరుస వరుసకూ సన్నగిల్లుతుంది. గ్రీసులో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటి ఎపిడారస్ ఆరుబయలు రంగశాల కూడా మెట్ల వరుసలే. ఆ సున్నపురాతి మెట్ల వరుస జనం గుసగుసల్లోని మంద్రధ్వనులను అణిచి, నటుడి గొంతును ముందుకు తెస్తుందని 2007లో పరిశోధకులు తేల్చారు.

◆ రాయే, కానీ మోత లేదు

పాలంపేట రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గర్భగుడి ముందు రంగమంటపం మధ్యలో గుండ్రటి రాతి వేదిక ఉంది. అంతా రాయే అయినప్పుడు అక్కడ మోత మోగాలి గదా? మోగదు. మంటపం గోడలు కప్పుదాకా పోవు, పక్కలు తెరిచి ఉంటాయి. సేబిన్ కొలత ప్రకారం ఆ తెరిపి అంతా తెరిచిన కిటికీయే. పైకప్పు రాయి ధ్వనిని కిందికి పంపుతుంది, మిగిలింది పక్కల నుంచి బయటికి పోతుంది. గర్భగుడి ద్వారం పక్కన వేణుగోపాలుడి శిల్పం మీద వేలితో మీటితే స్వరాలు పలుకుతాయని చెప్పి గైడ్లు వినిపిస్తారు కూడా. ఈ గుడి కట్టిన కాకతీయుల కాలంలోనే, గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు.

◆ ఎలగందల ఊగే మినార్లు

కరీంనగర్‌కు దగ్గర్లోని ఎలగందల కోటలో 1754లో జాఫరుద్దౌలా కట్టించిన మసీదు మినార్లు ఊపితే ఊగుతాయని పేరు. ప్రతి కట్టడానికీ తనకంటూ ఒక లయ ఉంటుంది. ఆ లయలో చిన్నగా తోసినా పెద్దగా స్పందిస్తుంది. మినారు లయ నిదానం, చెవికి అందదు. కిటికీ అద్దాలది, రేకుల కప్పుది, చెక్క పలకలది వేగం, చెవికి అందుతుంది. డీజే మోగేటప్పుడు ఏదో ఒక దెబ్బకు మాత్రమే కిటికీ అద్దం జిర్రుమనడానికి కారణం అదే.

◆ గుమ్మటం గాయకుడికి శత్రువు

గోల్కొండ ముఖద్వారం దగ్గర కమాను కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిసార్‌లో వినిపిస్తుంది. బిజాపూర్ గోల్ గుంబజ్ 1656 నాటిది. దాని లోపలి వ్యాసం సుమారు 38 మీటర్లు. ఒక గోడ దగ్గర గుసగుసలాడితే ఎదుటి గోడ దగ్గర తెలుస్తుంది. ధ్వని గుండ్రటి గోడను అంటిపెట్టుకుని పాకుతూ పోతుందని గమనించి, ఇలాంటి గుసగుసల గుమ్మటాల మీద సి.వి.రామన్ 1922 ప్రాంతంలో పరిశోధన చేశారు. కావలివాడికి వరమైన ఈ గుణమే కచేరీకి శాపం. గుమ్మటం ధ్వనిని ఒకేచోట పోగుచేసి మిగతా చోట్లను ఎండగడుతుంది. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871లో తెరిచిననాడే ప్రారంభోపన్యాసం రెండుసార్లు వినపడింది. బ్రిటిష్ సంగీతకర్త తన రచనను రెండుసార్లు వినగలిగే చోటు అదొక్కటేనని జోకు పుట్టింది. చివరికి 1969లో గుమ్మటం కింద ఫైబర్‌గ్లాస్ పుట్టగొడుగులు వేలాడదీశాక గాని ఆ ప్రతిధ్వని లొంగలేదు.

◆ నిపుణుడికీ తప్పని దెబ్బ

ప్రపంచంలోని హాళ్లెన్నో తిరిగి కొలిచిన నిపుణుడు లియో బెరానెక్. 1962లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ హాల్ ఆయన సలహాతోనే మొదలైంది. కట్టే దశలో సీట్లు పెంచాలన్నారు, ఆకారం మారింది. తెరిచాక విమర్శలు వెల్లువెత్తాయి. 1976లో లోపలంతా తొలగించి సిరిల్ హారిస్ లెక్కలతో మళ్లీ కట్టారు. అదీ సరిపోలేదు. మూడోసారి బాగుచేసి 2022లో తెరవడానికి 55 కోట్ల డాలర్లు అయింది. మరికొన్ని సీట్లు అదనంగా దొరుకుతాయన్న ఆశ ఎంత ఖరీదవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. అదే హారిస్ ముంబయిలో 1980లో తెరిచిన టాటా థియేటర్‌కు పనిచేశారు. మన శాస్త్రీయ సంగీతం మైకు లేకుండా వినిపించాలన్నది అక్కడి లక్ష్యం. సీట్లు వెయ్యి పైచిలుకు దగ్గరే ఆపారు.

◆ డప్పుకు సెగ ఎందుకు?

డప్పు కొట్టేముందు చిన్న మంట వేసి కాపడం అందరం చూసిందే. తోలులోకి చేరిన తేమ సెగకు ఎగిరిపోతుంది, తోలు బిగుస్తుంది, స్థాయి పెరుగుతుంది. ఒక చేతిలో చిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. చిర్ర దెబ్బ మోతనిస్తే, పుల్ల దెబ్బ టకటకమని అంచు దిద్దుతుంది. ఈ టకటక స్థాయిలోనే మన చెవి చురుకు ఎక్కువ. జనం గోలలోనూ అది దారి చేసుకుంటుంది. వానాకాలం తెరిపి లేని ముసురులో డప్పు గంటలోపే మళ్లీ మెత్తబడుతుంది. అందుకే ఊరేగింపు ఆగినచోటల్లా నాలుగు గడ్డిపరకలు అంటుకుంటాయి.

◆ పక్క ఊరి కథ మన ఊళ్లో

చలికాలం రాత్రి రెండు కిలోమీటర్ల అవతలి ఊరి డోలు మన వాకిట్లో వినిపిస్తుంది. మధ్యాహ్నం మోగితే ఊరి పొలిమేర దాటదు. రాత్రి నిశ్శబ్దం ఒక్కటే కారణం కాదు. పగలు నేల వేడెక్కి, కింది గాలి వేడిగా, పై గాలి చల్లగా ఉంటుంది. అప్పుడు ధ్వని పైకి వంగిపోతుంది. రాత్రి నేల చల్లబడి పై గాలి వెచ్చగా ఉంటే, పైకి పోయిన ధ్వని మళ్లీ కిందికి వంగి దూరాన దిగుతుంది. సాయంత్రాలు లోయర్ మానేరు నీటి మీద అవతలి గట్టు మాటలు తేలివచ్చినట్టు ఉండటానికీ ఇదే కారణం.

◆ మే నెల సన్నాయి, జనవరి సన్నాయి

ఆదిలాబాద్ జిల్లాలో చలి ముదిరితే 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మే నెలలో కరీంనగర్, రామగుండం వైపు 45 దాటుతుంది. 5 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 334 మీటర్లు పోతుంది, 45 డిగ్రీల దగ్గర సుమారు 358. తేడా నూటికి దాదాపు ఏడు. ఊదే వాద్యాల శ్రుతి ఈ వేగాన్ని బట్టే ఉంటుంది. లెక్క ప్రకారం అదే సన్నాయి మే మధ్యాహ్నం ఒక స్వరస్థానం పైన పలకాలి. ఊదేవాడి ఊపిరి గొట్టంలోని గాలిని ఒక మాదిరి వెచ్చదనంలో ఉంచుతుంది కాబట్టి అసలు తేడా అంత ఉండదు. కానీ కొంత ఉంటుంది. తంబురా తీగ మాత్రం వేడికి సాగి దిగువకు జారుతుంది. ఎండాకాలం పెళ్లిళ్లలో శ్రుతి కలపడానికి అంతసేపు పట్టడం ఊరికే కాదు.

◆ నాగోబా దారిలో పెప్రె

ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశీయులు గోదావరి నీళ్లు తెచ్చి పూజిస్తారు. ఊరేగింపుల్లో డోలుతో పాటు సన్నాయి వంటి పెప్రె, కొమ్ము వంటి కాలికోమ్ మోగుతాయి. ఇవి అడవి దాటి వినపడే వాద్యాలు. అదే ప్రధాన్‌లు గోండుల వంశగాథలు పాడేటప్పుడు వాయించే కింగ్రి కమానుతో పలికే చిన్న తీగవాద్యం. దాని గొంతు పొయ్యి చుట్టూ కూర్చున్నవారికి సరిపోతుంది. ఊరేగింపుకు ఒక వాద్యం, ఇంటిచూరుకు ఒక వాద్యం. సంగీత మందిరానికి సీట్లు ఎన్నని తేల్చేముందు అక్కడ ఏ వాద్యం మోగుతుందని అడగడం కూడా ఇదే వివేకం. గోండుల గుస్సాడీ నాట్యానికి గురువైన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. గుస్సాడీ నాట్యాన్ని చూసినవారికి తెలుసు, దానికి నాలుగు గోడలు సరిపోవు.

◆ కోడిగుడ్ల అట్టలు కొనకండి

జానపద పాటల రికార్డింగుకు చిన్న గది కట్టుకునేవాళ్లు గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించడం మామూలైంది. పలచటి అట్ట పీల్చుకునేది కొద్దిపాటి తారధ్వనిని మాత్రమే. డోలు మోతను అది తాకనైనా తాకదు. పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. ఆ డబ్బుతో మందపాటి బొంతలో, గుడ్డ తొడిగిన రాక్‌ఊల్ పలకలో గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచి పెడితే ఫలితం ఎక్కువ. ఆ ఎడమే మంద్రధ్వనులను పట్టుకోవడానికి తోడ్పడుతుంది. గది మూలల్లో పెడితే ఇంకా మేలు.

◆ మైకు కూత ఎక్కడిది?

స్పీకరులోంచి వచ్చిన ధ్వని మళ్లీ మైకులో పడి, పెరిగి, మళ్లీ స్పీకరులోంచి రావడమే ఆ కూత. మోత ఎక్కువున్న హాల్లో అది తొందరగా మొదలవుతుంది. మందు సులువే. స్పీకర్లు మైకు కన్నా ముందుండాలి, నోరు మైకుకు దగ్గరగా ఉండాలి, సౌండు తగ్గించాలి. పెద్ద మైదానంలో వరసగా కట్టిన స్పీకర్లది వేరే చిక్కు. 34 మీటర్ల దూరం దాటడానికి ధ్వనికి సెకనులో పదో వంతు పడుతుంది. దగ్గరి స్పీకరు మాట అయిపోయాక దూరపు స్పీకరు మాట వస్తుంది. జాతరలో ప్రకటన రెండేసిసార్లు వినపడేది అందుకే.

◆ రాత్రి 10 గంటల గీత

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. నాలుగు గోడల మధ్యనున్న ఆడిటోరియాలకు, సభామందిరాలకు ఇందులో మినహాయింపు ఉంది. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతించే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. తెల్లవార్లూ సాగే ఒగ్గుకథ, చిందు యక్షగానం మైకుతో నడవాలంటే ఇక హాలే గతి. అందుకే జిల్లాల్లో మంచి హాళ్ల అవసరం మునుపటికన్నా ఇప్పుడే ఎక్కువ.

◆ చప్పట్ల పరీక్ష

హాలు బుక్ చేసేముందు ఏసీ ఉందా, పార్కింగ్ ఉందా అని అడుగుతాం. ఇకమీదట ఇంకో పని కూడా చేయండి. ఖాళీ హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. వెంటనే ఆగితే మాటకు మంచిది. రెండు సెకన్ల దాకా మృదువుగా సాగి ఆగితే పాటకు పనికొస్తుంది. టర్రుమని వణికితే ఎదురెదురు గోడలు నున్నగా ఉన్నట్టు, పరదాలు కట్టించాలి. విడిగా మరో చప్పట వినపడితే వెనక గోడ దూరంగా, ఖాళీగా ఉన్నట్టు, దానికి ఏదైనా మెత్తటి తొడుగు కావాలి. నాలుగైదు సెకన్లు మోగుతూనే ఉంటే, ఆ హాల్లో విందు పెట్టండి, కచేరీ పెట్టకండి.

కొత్తగా హాలు కట్టేవారికి ఒక మనవి. షాండిలియర్‌కు పెట్టే ఖర్చులో కొంత పైకప్పు పీల్చే గుణానికి కేటాయించండి. స్లాబు పడకముందే ధ్వని తెలిసిన ఇంజినీరుకు ప్లాను చూపించండి. తర్వాత బాగుచేయించాలంటే దానికి ఎన్నో రెట్లు అవుతుంది.